గుడ్లగూబని సంచిలో పెట్టుకుని సులైబియా దాకా

కువైట్లో పాత వెండి సామాను ఎక్కడ దొరుకుతుందండీ, శుక్రవారం సంతకి ఎలా వెళ్ళాలండీ అని ఈ మధ్య ముగ్గురు నలుగురు అడిగారు. దారి చెబుతాను, చార్జీలు చెబుతాను, ఏ వేళకి వెళ్తే బేరం కుదురుతుందో అదీ చెబుతాను. కానీ దాంతోపాటు 2011 చలికాలంలో నేను ఆ దారిన వెళ్ళిన ఒక శుక్రవారం సంగతి కూడా మీరు వినాలి. ఆ రోజు నేను వెళ్ళింది ఏదో కొనడానికి కాదు. రాయచోటి మస్తాన్‌బీ పీకల మీదికి వచ్చిన గండం ఒకటి గట్టెక్కించడానికి వెళ్ళాను. కనీసం ఇంట్లో మా ఆవిడకి అలాగే చెప్పి బయల్దేరాను.

ముందు నా పిచ్చి సంగతి చెప్పాలి. నాది అమలాపురం దగ్గర ఊరు. దజీజ్‌లో ఒక గోడౌన్లో స్టోర్ కీపర్ని. తొంభై ఏడులో కొత్తగా వచ్చినప్పుడు మాత్రం ఒక హోటల్లో, పార్టీ హాలు వెనకున్న గదిలో కూర్చుని వెండి చెంచాలూ ఫోర్కులూ తుడిచే పని చేశాను. అక్కడ గోవా నుంచి వచ్చిన ఒక ముసలి స్టువర్డు వెండి వెనక ముద్రలు చదవడం నేర్పాడు. ఒక కాలెత్తి నడుస్తున్న సింహం ఉంటే అది అసలైన ఇంగ్లీషు వెండి. చిరుతపులి తల ఉంటే లండన్లో ముద్ర పడింది, లంగరు ఉంటే బర్మింగ్‌హామ్‌లో. పక్కనుండే అక్షరాన్ని బట్టి ఏ సంవత్సరం సరుకో తెలుస్తుంది. అంత చిన్న ముద్రల్లో ఇంత కథ ఉందా అనిపించింది. అంతే, అప్పట్నుంచి అంటుకుంది.

నేను జంతువుల బొమ్మలున్నవే కొంటాను. పూలూ లతలూ నాకొద్దు. ఆ శుక్రవారం నాటికి పదమూడు పద్నాలుగేళ్ళలో నా దగ్గర చేరినవి ఎన్నో లేవు. చేప బొమ్మ చెక్కిన చేపల కత్తి ఒకటి, హంస ఆకారంలో ఉప్పు గిన్నె ఒకటి, తోక మెలితిరిగి పిడిగా మారిన ఆవు ఒకటి. ఆ ఆవు కడుపులో మీగడ పోసి, నోట్లోంచి కాఫీలోకి వంపుకునేవారట దొరలు. అది వెండి పూతే గానీ వెండి కాదు, శుభ్రంగా మోసపోయి కొన్నాను. ఆవు మొహం బాగుందని ఉంచుకున్నాను. “మనింట్లో తినడానికి వెండి కంచం లేదు గానీ, తెల్లోళ్ళ ఆవుందండీ” అని మా ఆవిడ వచ్చినవాళ్ళందరికీ చూపించి మరీ నా పరువు తీస్తుంది.

ఇక మస్తాన్‌బీ. అర్దియాలో ఒక పెద్దింట్లో పదకొండేళ్ళుగా పని చేస్తోంది. ఇంటి యజమానురాలు డెబ్భై దాటిన పెద్దావిడ, భర్త పోయాడు. ఇక్కడ పని చేసే ఆడవాళ్ళందరిలాగే మస్తాన్‌బీ కూడా ఆవిణ్ణి మామా అంటుంది, మనం అమ్మా అన్నట్టు. ప్రతి శుక్రవారం పొద్దున్నుంచి సాయంత్రం అయిదు దాకా ఆమెకి సెలవు. ఫర్వానియాలో మా బిల్డింగు కింద మలయాళీ కిరాణా కొట్టుంది. కరివేపాకు, చింతపండు కోసం అక్కడికి వచ్చేది. అలా పరిచయం. ఒకసారి నా వెండి పిచ్చి గురించి విని, “మా మామా బీరువాలో వెండి గుడ్లగూబ ఉండాదన్నా. తలకాయ ఎనక్కి తెరిస్తే లోపల డబ్బీ. దానికో చెంచా, చెంచా కొనకి ఎలుక” అంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదంటే నమ్మండి.

అలాంటివి ఇంగ్లీషు వాళ్ళు ఆవపిండి ముద్ద పెట్టుకోవడానికి చేయించుకున్నారు. ఆవపిండికీ గుడ్లగూబకీ ఏం సంబంధమో నన్నడక్కండి. పుస్తకాల్లో బొమ్మలు చూశాను తప్ప నిజంగా ఎప్పుడూ చూడలేదు. ఒక్కసారి చూపించమ్మా అని రెండేళ్ళలో ఎన్నిసార్లు బతిమాలానో లెక్కలేదు. “మామా సామాను నేను గడప దాటియ్యనన్నా, ఏమనుకోవద్దు” అనేది. నవ్వుతూనే అనేది, కానీ ఆ మాట మీదే ఉండేది.

ఆ వారం బుధవారం మధ్యాహ్నం ఫోన్ చేసింది. మామా తన కూతురితో కలిసి మక్కాకి, ఉమ్రా యాత్రకి వెళ్ళిందనీ, శనివారం వస్తుందనీ, వచ్చేలోగా బీరువాలో వెండంతా తోమి పెట్టమందనీ చెప్పింది. గొంతులో భలే హుషారుగా ఉంది.

“మీ గుడ్లగూబను తోమినా అన్నా. చింతపండు నానేసి, మామా బుఖూర్ పొగ ఏసే కుండలో బూడిద జల్లెడ పట్టి, మా యమ్మ పట్టీలు తోమినట్ల తోమినా. తళతళ అంటాది.”

“బాగుందమ్మా” అన్నాను, లోపల కొంచెం చురుక్కుమన్నా. పాత వెండిని అలా తోమకూడదు. “లోపల జాగ్రత్త సుమా, లోపల పచ్చగా ఉంటుంది.”

“అదే గదన్నా! ఆ మరక పోనే పోల్యా. మూడు దినాలు పీచు పెట్టి రుద్దినా. ఈ పొద్దు పోయింది. లోపల గూడా తెల్లగా అద్దం మాదిరి ఉంది.”

ఆవపిండి వెండిని తినేస్తుందని అలాంటి డబ్బీలకి లోపల బంగారం పూత పూస్తారు. నూరేళ్ళు పైబడిన పూత, పల్చగా ఉల్లిపొరలా ఉంటుంది. దాన్ని మరకనుకుని మూడు రోజులు కొబ్బరి పీచుతో రుద్దేసింది పిచ్చితల్లి. ఎందుకు మరకనుకుందో కూడా తర్వాత చెప్పింది. ఆ ఏడాది రంజాన్ నెలలో వంటింట్లో డబ్బీలు చాలక, మామాకి తెలియకుండా రెండు రోజులు గుడ్లగూబలో పసుపు పోసి ఉంచిందట. లోపల పచ్చదనం చూడగానే తన పసుపే అంటుకుందనుకుంది. మన వంటిళ్ళలో పెరిగిన ఎవరికైనా అలాగే తోస్తుంది. పసుపు అంటుకున్న గిన్నెలు తోమీ తోమీ పుట్టాం కదా.

“మస్తాన్‌బీ, అది మరక కాదమ్మా. బంగారం” అన్నాను.

అవతల ఏడుపు. “పగలగొట్టింటే తిట్టి వదిలేస్తాదన్నా. బంగారం పోయిందంటే యాడికి పోయిందని అడగరా? నేను గీక్కోని అమ్ముకున్న్యా అంటారు. దొంగదంటారు. పదకొండేండ్లన్నా, ఒక చెంచా పోలేదు నా చేతిలో.”

ఆమె భయం ఉత్తి భయం కాదు. దొంగతనం కేసు పడితే వేలిముద్రలు తీసుకుని విమానం ఎక్కిస్తారు, మళ్ళీ గల్ఫ్ మొహం చూసే యోగం ఉండదు. రాయచోటిలో చెల్లెలి కూతుర్ని ఆమే నర్సింగ్ చదివిస్తోంది. నేను వెంటనే అన్నాను: “ఏడవకు. శుక్రవారం దాన్ని తీసుకుని బయటికి రా. మళ్ళీ బంగారం పూత వేయించేద్దాం. మామా వచ్చేసరికి బీరువాలో ఉంటుంది.” ఎంత తేలిగ్గా అన్నానో. “సరేన్నా” అంది.

శుక్రవారం పొద్దున్న ఎనిమిదికి మా సత్తిబాబు టాక్సీ మాట్లాడుకున్నాను. రాజోలు వాడు, ఆ రోజుల్లో సగం రోజుకి ఏడు దినార్లకి వచ్చేవాడు. మీరు ఒక్క సంతకే వెళ్ళేట్టయితే టాక్సీ దండగ, ఫర్వానియా నుంచి బస్సులో పావు దినారుతో వెళ్ళొచ్చు. మేం ముందు అర్దియా వెళ్ళి, సందు చివర మస్తాన్‌బీని ఎక్కించుకున్నాం. నల్ల అబాయా వేసుకుని, అన్నం క్యారియర్ పెట్టుకునే గుడ్డ సంచి ఒళ్ళో గట్టిగా పట్టుకుని కూర్చుంది. మొహం పీక్కుపోయి ఉంది. కుడిచేతి వేళ్ళ చివర్లు చింతపండు పులుపుకి ఎర్రగా పొక్కిపోయాయి.

“ఏదీ, ఒకసారి చూడనీ” అన్నాను.

తువ్వాలు విప్పి ఇచ్చింది. ఏం చెప్పమంటారు! అరచేతిలో నిలబడేంత పిట్ట, నాలుగంగుళాలు ఉంటుందేమో. ఒక్కో ఈకా విడిగా చెక్కి ఉంది. ఎర్రటి గాజు కళ్ళు. కోపంగా లేదు, గడుసుగా ఉంది, పెద్ద బళ్ళో లెక్కల మేష్టారు చూసినట్టు చూస్తోంది. అడుగున సింహం, చిరుతపులి తల, ఒక అక్షరం, పక్కన రాణీగారి తల. రాణి తల ఉందంటే నూట ఇరవై ఏళ్ళ పైమాటే. చెంచా కొన మీద ఎలుక, పాపం, ముందుకాళ్ళు రెండూ ముడుచుకుని. నేను దాన్ని అటు తిప్పీ ఇటు తిప్పీ, తల తెరిచీ మూసీ, సంత వచ్చేదాకా వదల్లేదు. పక్కన ఆ మనిషి కళ్ళు తుడుచుకుంటోందన్న ధ్యాస కూడా లేదు. సిగ్గుపడాల్సిన మాటే, అయినా జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

సంతని ఇక్కడివాళ్ళు సూక్ అల్ జుమా అంటారు, రాయ్ ప్రాంతంలో ఉంటుంది. అర్దియా నుంచి పదిహేను నిమిషాలు. బట్టలు, తివాచీలు, పిట్టలు, పాత ఫ్రిజ్‌లు అన్నీ దాటుకుని వెనక వరసలకి వెళ్ళాలి. అక్కడ నేల మీద దుప్పట్లు పరిచి పాత ఇళ్ళ సామాను పోస్తారు. తొమ్మిదిలోపు వెళ్తే మంచివి దొరుకుతాయి, జుమా నమాజుకి ముందు పదకొండు ప్రాంతంలో వెళ్తే బేరం దిగుతుంది. రెండూ ఒకేసారి దొరకవు. ఒక చిన్న భూతద్దం, మెత్తటి గుడ్డ జేబులో ఉంచుకోండి. సింహం కనిపించకుండా ఇంగ్లీషు అక్షరాలు నాలుగు వరసగా ఉంటే అది పూత సరుకు, నా ఆవు లాంటిదన్నమాట. అలాంటివి రెండు మూడు దినార్లకి మించి పెట్టకండి.

అక్కడ నాకు తెలిసిన ఇరానీ ముసలాయన ఒకడున్నాడు, పాత వెండి అమ్ముతాడు. పూత వేసేవాళ్ళ సంగతి ఆయనకే తెలుస్తుందని వెళ్ళాం. గుడ్లగూబని చూడగానే ఆయన టీ గ్లాసు పక్కన పెట్టేశాడు. తల తెరిచి లోపల చూశాడు, నాకేసి చూశాడు, మస్తాన్‌బీకేసి చూశాడు. “అమ్ముతారా? మూడొందల దినార్లు” అన్నాడు హిందీలో. మస్తాన్‌బీ ఆయన చేతిలోంచి దాన్ని లాక్కున్నంత పని చేసి తువ్వాలు చుట్టేసింది. అమ్మడానికి కాదు, లోపల బంగారం పూయాలి అని నేను సర్ది చెప్పాను. అయితే సులైబియాలో ఖాసిం అని హైదరాబాదు మనిషి ఉన్నాడనీ, కుళాయిలకీ కార్ల ముందుండే బొమ్మలకీ బంగారం పూస్తాడనీ, శుక్రవారం కూడా షెడ్డులోనే ఉంటాడనీ చెప్పాడు. వచ్చేస్తుంటే మస్తాన్‌బీ మెల్లగా అడిగింది: “మూడొందలా అన్నా? నా జీతం అయిదు నెలలది గదా.” ఇంత ఖరీదైనదని ఆమెకి అప్పటిదాకా తెలీదు. తెలిశాక సంచి రెండు చేతులతో పట్టుకుంది.

సంత నుంచి సులైబియాకి ఆరో రింగ్ రోడ్డు మీదుగా పడమటికి వెళ్ళాలి, ట్రాఫిక్ లేకపోతే అరగంట. ఊరు పల్చబడి గోడౌన్లు, లారీ షెడ్లు, వాటి వెనక కూరగాయల తోటలు మొదలవుతాయి. సులైబియా మలుపు దగ్గర పోలీసు చెకింగ్ ఉంది. శుక్రవారాలు ఉండడం మామూలే, ఇఖామా, అంటే ఇక్కడ ఉండడానికి ఇచ్చే పర్మిట్, లేనివాళ్ళని పట్టుకోవడానికి.

“ఏం కాదండి, కార్డు చూసి వదిలేత్తారు. కంగారు పడకండి, ఆయ్” అన్నాడు సత్తిబాబు.

కుర్ర పోలీసు మా ముగ్గురి కార్డులు చూశాడు. తిరిగి ఇచ్చేస్తూ, ఊరికే, మస్తాన్‌బీ ఒళ్ళో సంచికేసి చెయ్యి చూపించి, “షినూ హాదా?” అన్నాడు. ఇదేంటి అని.

“ఘదా” అంది. భోజనం అని.

“యల్లా” అని చెయ్యి ఊపి పంపించేశాడు. నేను హమ్మయ్య అనుకున్నాను. సత్తిబాబు పాట పెట్టబోయాడు. ఆమె మాత్రం సంచి మీంచి చెయ్యి తీయలేదు. “సంచి తెరిచింటే నేనేం చెప్పాల్నన్నా? ఇది మా మామాది, తోమినా, పూత పోయింది, అంటే ఇంటాడా? అరబ్బీలో నాకు అంత వస్తాదా?” అంది. తెరవలేదు కదమ్మా అన్నాను. అది జవాబేనా?

ఖాసిం షెడ్డు లోపల పుల్లటి రసాయనాల వాసన, తొట్లు, వైర్లు. నలభై అయిదేళ్ళుంటాయి, బనీను మీద ఉన్నాడు. ఏ ఊరు అన్నా అని ముందు కుశలం అడిగి, స్టూలు తుడిచి మస్తాన్‌బీకి వేశాడు. మంచి మనిషే. గుడ్లగూబ తల తెరిచి టార్చి వేసి చూశాడు. అంచుల దగ్గర సందుల్లో మాత్రం కొంచెం పచ్చదనం మిగిలి ఉంది.

“బంగారం ఎట్ల వోయింది?” అన్నాడు.

“తోమేటప్పుడు పోయింది” అన్నాను.

“తోమితే గింత సాఫ్‌గ వోతదా? గీకిండ్రా? నిజం జెప్పుండ్రి, నాకేం లేదు. మస్తుమంది తెస్తరు గిట్ల, గీకి, మల్ల పల్చగ పూయమంటరు.”

మాట కటువుగా అనలేదు, మామూలుగా అడిగాడు. అదే దెబ్బ తగిలింది. పూత పని తెలిసిన మనిషి, మా ఇద్దరి మీదా ఏ పగా లేని మనిషి, చూడగానే అనుకున్నది అదే. మస్తాన్‌బీ స్టూలు మీద కూర్చునే తల మీది ముసుగు కొస నోట్లో కుక్కుకుని ఏడ్చింది. చింతపండు, బూడిద, పసుపు మరక అంతా ఆమే చెప్పింది, తెలుగూ ఉర్దూ కలిపేసి. వింటున్న కొద్దీ ఖాసిం మొహం మారిపోయింది. “అరెరె, పసుపనుకున్నవా చెల్లె” అన్నాడు. మా అమ్మ కూడా గట్లనే అనుకుంటది అన్నాడు.

పూత వెయ్యడానికి ఎనిమిది దినార్లు, గంట పని అన్నాడు. అయితే కొత్త పూత పాతదానిలా ఉండదనీ, కొంచెం ఎక్కువ మెరుస్తుందనీ, తెలిసినవాళ్ళు చూస్తే పోల్చుకుంటారనీ ముందే చెప్పాడు. “మీ మామాకి తెలుస్తదా లేదా నువ్వే జెప్పాలె.”

“వేసెయ్ భాయ్, ఆవిడ లోపల టార్చి వేసి చూస్తుందా ఏంటి” అన్నాను. పర్సు తీశాను కూడా.

మస్తాన్‌బీ లేచి నిలబడింది. “వద్దన్నా.”

“అదేంటి? ఇంత దూరం వచ్చాం!”

“వద్దన్నా. నేను ఇంతవరకూ చేసింది తప్పు. తెలీక చేసినా. ఇప్పుడు పూత పూయించి పెడితే అది మోసం. ఒకసారి దాచినానంటే రోజూ దాచల్ల. ఇందాక పోలీసాయనకి అన్నం అని చెప్పినా గదా, ఆ అబద్ధమే ఇంకా గొంతులో ఉండాది. రేపు మామాకి నేనే చెప్తా. కొడితే కొట్టనీ.”

నేను ఊరుకోలేదు. నీకు తిక్కా, కేసు పెడితే ఏం చేస్తావ్, చదువుకునే పిల్ల ఏమైపోతుంది అని కోప్పడ్డాను. ఖాసిం మధ్యలో అడ్డం వచ్చాడు. “ఆమె జెప్పింది కరెక్టే అన్నా. ఆమెకి తెల్వదా, ఆ ఇంట్ల ఉండేది ఆమె గదా” అన్నాడు. తువ్వాలు ఆయనే చుట్టి ఇచ్చాడు. పైసా తీసుకోలేదు, టీ తెప్పించాడు. షెడ్డు పక్కనే చిన్న హోటల్లో నేనూ సత్తిబాబూ దినారున్నరకి రెండు బిర్యానీలు తిన్నాం, రుచి చెప్పుకోదగ్గది కాదు గానీ వేడిగా ఉంది. మస్తాన్‌బీ మంచినీళ్ళు కూడా ముట్టకుండా టాక్సీలోనే కూర్చుంది. మూడున్నరకల్లా అర్దియాలో దించేశాం.

శనివారం రాత్రి ఫోన్ వస్తుందని ఎదురు చూశాను, రాలేదు. ఆదివారం మధ్యాహ్నం వచ్చింది. “చెప్పేసినా అన్నా. సులైబియా పోయిందీ, పోలీసూ, అంతా చెప్పినా. మామా మిమ్మల్ని రమ్మంటాంది.”

డ్యూటీ అయ్యాక అయిదింటికి వెళ్ళాను. ముందుగదిలో సోఫా మీద కూర్చుని ఉంది మామా. సన్నగా, నిటారుగా. ముందున్న బల్ల మీద గుడ్లగూబ. గుమ్మం పక్కన మస్తాన్‌బీ నిలబడి ఉంది. ఆవిడ నాతో హిందీలోనే మాట్లాడింది. వాళ్ళ నాన్న బొంబాయి వర్తకం చేసేవాడట, చిన్నప్పుడు అక్కడ కొన్నేళ్ళు ఉన్నారట. ఈ ఊళ్ళో ఆ తరం వాళ్ళు చాలామందికి హిందీ వస్తుంది.

ముందు నవ్వింది. పసుపు సంగతి మళ్ళీ చెప్పమని మస్తాన్‌బీని అడిగి, దగ్గొచ్చేదాకా నవ్వింది. “నా భర్త దీన్ని లండన్లో కొన్నాడు. ఒక్క రోజు కూడా ఆవపిండి పెట్టుకోలేదు, ఆ వాసన ఆయనకి పడదు. లోపల బంగారం ఉందని నాకే గుర్తు లేదు” అంది. మస్తాన్‌బీ చెయ్యి పట్టుకుని పొక్కిన వేళ్ళు చూసి, “దొంగ ఇలా రుద్దుకుంటుందా?” అంది. మస్తాన్‌బీ కళ్ళనీళ్ళు పెట్టుకుని నవ్వుతోంది. టీ వచ్చింది, ఖర్జూరాలు వచ్చాయి.

అప్పుడు నాకేసి తిరిగింది. “దీన్ని బయటికి తెమ్మన్నది ఎవరు?”

“నేనేనండి.”

“ఎందుకు?”

సాయం చేద్దామని, అన్నాను. ఆవిడ చూపు నా మీదనుంచి తీయలేదు. “నీకు వెండి అంటే ఇష్టమట కదా. దీన్ని చూడాలని రెండేళ్ళుగా అడుగుతున్నావట. చూశావా?”

“చూశాను.”

“చేత్తో పట్టుకున్నావా?”

“పట్టుకున్నాను.”

“అయితే నీ పని అయింది. ఖలాస్” అంది. కోపం లేదు ఆ మాటలో. గ్లాసులో మిగిలిన టీ తాగడం కూడా కష్టమైంది నాకు. తాగాను, సలాం చెప్పి వచ్చేశాను.

రెండు నెలల తర్వాత ఒక శుక్రవారం కిరాణా కొట్లో మస్తాన్‌బీ కనిపించింది. వేళ్ళు మానిపోయాయి. మామా ఎలా ఉందమ్మా అన్నాను. “బాగుందన్నా. జీతం అయిదు దినార్లు పెంచింది. మక్కా నుంచి తస్బీ పూసల దండ తెచ్చి ఇచ్చింది” అంది. మంచి మాటే కదా అన్నాను. ఆమె కరివేపాకు రెబ్బలు ఒక్కొక్కటే ఏరుతూ తల ఎత్తలేదు.

“చెంచాలు లెక్కబెడతాందన్నా. బేస్తవారం బేస్తవారం బీరువా తెరిపిచ్చి, కూర్చోని లెక్కబెడతాది. పదకొండేండ్లలో ఒక్క తూరి లెక్కబెట్టలేదు. నన్ను ఏమీ అనదు. అన్నీ ఉండాయి మస్తానా, అని నవ్వి పోతాది.” ఏరిన రెబ్బలు సంచిలో వేసుకుంది. “తిట్టింటే బాగుండేదన్నా.”

ఆ మాట విన్నాక నేను చాలా రోజులు సంత మొహం చూడలేదు. పోయిన బంగారాన్ని ఆ పెద్దావిడ నవ్వి వదిలేసింది. వస్తువు గడప దాటడమే ఆవిడ మనసులో ఉండిపోయింది, అది దాటింది నా మాట మీద. తెలీక చేసిన తప్పుకి మస్తాన్‌బీ ధైర్యంగా నిలబడి నిజం చెప్పి బయటపడింది. నేను సాయం పేరుతో చేయించినదానికి ఇంకా వారం వారం చెల్లిస్తోంది. పిచ్చి ఉండడం తప్పు కాదు, ఏ పిచ్చీ లేని మనిషికి పరాయి దేశంలో రోజులు గడవవు. కానీ నా పిచ్చి ఖరీదు ఆమె మీద పడింది. పరోపకారం చేస్తున్నానని ఎంత నమ్మానంటే, టాక్సీలో ఆ గుడ్లగూబని చేతిలోకి తీసుకున్నప్పుడు కలిగిన సంతోషం ఎందుకో కూడా ఆలోచించలేదు. ఇప్పుడు ఆలోచిస్తే సిగ్గుగా ఉంటుంది.

సంతకి వెళ్ళేవాళ్ళకి ఒక్క సలహా. మీ ఇంట్లోనో, మీరు పని చేసే ఇంట్లోనో ఉన్న పాత వెండి గురించి అడగాలనుకుంటే వస్తువుని మోసుకెళ్ళకండి. పైనా, లోపలా, అడుగున ముద్రలూ కనిపించేట్టు ఫోన్లో నాలుగు ఫోటోలు తీసుకుని, శుక్రవారం తొమ్మిదిలోపు ఆ వెనక వరసలకి వెళ్ళండి. ధరైనా, పూతైనా, బాగుచేయించడం కుదురుతుందో లేదో అదైనా, ఫోటో చూసి చెప్పేస్తారు. ఆ రోజు నా జేబులోనూ కెమెరా ఫోనుంది. అర్దియాలో ఆ ఇంటి గుమ్మం దగ్గరే నాలుగు ఫోటోలు తీసుకుని నేనొక్కణ్ణే సులైబియా వెళ్ళి ఉంటే సరిపోయేది.